మూడోసారి ఎవరూ అడగక్కర్లేకుండా: సంస్థలో నలుగురికీ తెలిసింది ఆన్‌లైన్‌లో అందరికీ అందేలా చేయడం ఎలా?

“ఒకే బిల్లుకి కస్టమర్ రెండుసార్లు డబ్బు కట్టేశారు. ఇప్పుడేం చేయాలి?”

ఆఫీసు చాట్ గ్రూపులో ఈ ప్రశ్న పడింది. పది నిమిషాలు ఎవరూ పలకలేదు. తర్వాత ఒకరు “అకౌంట్స్ వాళ్లని అడుగు” అన్నారు. ఇంకొకరు “మొన్నోసారి ఇలాగే అయింది కదా, అప్పుడేం చేశామో పైకి వెళ్లి చూడు” అన్నారు. పైకి వెళ్తే మీటింగ్ లింకులు, పుట్టినరోజు శుభాకాంక్షలు, బొటనవేలి బొమ్మలు. చివరికి సెలవులో ఉన్న సీనియర్‌కి ఫోన్ చేశారు. ఆవిడ రెండు నిమిషాల్లో చెప్పేశారు. అందరూ ఊపిరి పీల్చుకున్నారు. మూడు వారాలకి అదే గ్రూపులో అదే ప్రశ్న, ఈసారి కొత్తగా చేరిన అబ్బాయి నుంచి. మళ్లీ ఆవిడకే ఫోన్.

నేను పనిచేసిన చోట జరిగిందే ఇది. సమాధానం సంస్థకి తెలుసు. కాకపోతే దానికున్న ఒకే ఒక్క చిరునామా ఆవిడ ఫోన్ నంబరు.

ఆ రెండు నిమిషాల సమాధానాన్ని ఎలా పట్టుకోవాలి, ఎక్కడ పెట్టాలి, పాతబడకుండా ఎలా చూసుకోవాలి, ఎప్పుడు సంస్థ గోడ దాటించి బయటివాళ్లతో పంచుకోవాలి అన్నది ఇక్కడ వరసగా చెబుతాను. ఐదుగురున్న టీమ్‌కైనా ఐదు వేల మంది ఉన్న కంపెనీకైనా పద్ధతిలో పెద్ద తేడా ఉండదు. నేను గట్టిగా పట్టుకున్న నియమం ఒకటుంది: ఏ ప్రశ్నైనా రెండోసారి వచ్చిందంటే దానికి నోటితో జవాబు చెప్పే రోజులు అయిపోయినట్టే. ఇక రాయాల్సిందే.

దీంతో వ్యాపారానికి ఒరిగేదేంటి?

ముందు ఒక విమాన ప్రమాదం సంగతి చెప్పాలి. తెలిసిన విషయం తెలియాల్సిన చోటికి చేరకపోతే ఏమవుతుందో ఇంతకన్నా సూటిగా చూపించే ఉదాహరణ నాకు దొరకలేదు. 1974 డిసెంబర్ 1న టీడబ్ల్యూఏ 514 విమానం అమెరికాలో వాషింగ్టన్ దగ్గరి డల్లెస్ ఎయిర్‌పోర్ట్‌లో దిగబోతూ వర్జీనియాలో ఒక కొండను ఢీకొట్టింది. అందులో ఉన్న 92 మందీ చనిపోయారు. నేల మీంచి విమానాలకి దారి చెప్పే కంట్రోలర్ ఇచ్చిన అనుమతిని పైలట్లు ఒక రకంగా అర్థం చేసుకున్నారు, కంట్రోలర్ ఉద్దేశం ఇంకొకటి. విమానం దిగకూడని చోట కిందికి దిగిపోయింది. దర్యాప్తులో తేలిందేంటంటే, సుమారు ఆరు వారాల ముందు యునైటెడ్ ఎయిర్‌లైన్స్ విమానం ఒకటి అదే అయోమయంలో అదే కొండకి తగలబోయి త్రుటిలో తప్పించుకుంది. ఆ సంస్థ తన పైలట్లని హెచ్చరించింది కూడా. మిగతా సంస్థల పైలట్లకి ఆ కబురు చేరే దారే లేదు.

ఆ దారి వేయడానికే 1976లో పైలట్లు, కంట్రోలర్లు తమ పొరపాట్లని రహస్యంగా రాసి పంపే వ్యవస్థ ఒకటి మొదలైంది. వచ్చిన నివేదికల్లోంచి పేర్లు తీసేసి, ఎవరైనా వెతుక్కునేలా ఇప్పుడు ఆన్‌లైన్‌లో పెడుతున్నారు. దాని గురించి తర్వాత మళ్లీ చెబుతాను.

మన ఆఫీసుల్లో ప్రాణాలు పోవు. గంటలు పోతాయి, కస్టమర్లు పోతారు, ఒక్కోసారి కాంట్రాక్టులు పోతాయి. పనిలో పండిన మనిషి రాజీనామా చేస్తే ల్యాప్‌టాప్ ఇక్కడే ఉంటుంది కానీ పదేళ్ల అనుభవం ఆయనతోపాటే గేటు దాటుతుంది. రాసిపెట్టుకున్న సంస్థలో కొత్తవాళ్లు తొందరగా పనిలో పడతారు, సీనియర్లకి అసలు పని చేసుకునే తీరిక దొరుకుతుంది, కస్టమర్లు ఫోన్ చేయకుండానే తమకు తామే జవాబు వెతుక్కుంటారు. నాలుగో లాభం చాలామందికి తట్టదు. రాసింది కళ్లముందు ఉంటేనే అది తప్పని ఎవరైనా చెప్పగలరు. ఒకరి తలలో ఉన్న తప్పుని ఎవరూ దిద్దలేరు.

మొదటి మెట్టు: ప్రశ్నలు పోగు చేయండి

ఎక్కువమంది చేసే తప్పు ఇక్కడే. ముందు ఒక టూల్ కొంటారు. అందులో ‘హెచ్ఆర్’, ‘సేల్స్’, ‘ప్రాసెస్’, ‘ఇతరములు’ అని ఫోల్డర్లు పెడతారు. అందరూ తలా నాలుగు పేజీలు రాయాలని మెయిల్ వస్తుంది. నెల తిరిగేసరికి ఎవరూ అడగని విషయాల మీద ముప్పై పేజీలు తయారవుతాయి, రోజూ అడిగేదానికి ఒక్కటీ ఉండదు.

దానికి బదులు రెండు వారాలపాటు ఏమీ రాయకుండా ప్రశ్నలు మాత్రమే పట్టుకోండి. చాట్ గ్రూపు, మెయిళ్లు, కస్టమర్ కాల్స్, పక్క సీటులోంచి వినిపించే “ఇది ఎలా చేస్తారండీ?” అన్నీ లెక్కలోకి వస్తాయి. ఒక షీట్‌లో మూడు గళ్లు చాలు: ప్రశ్న ఏంటి, అడిగింది ఎవరు, చెప్పింది ఎవరు. ప్రశ్నని అడిగినవాళ్ల మాటల్లోనే రాసుకోవాలి. “డబుల్ పేమెంట్ వచ్చింది, ఏం చేయాలి” అని అడిగితే అలాగే ఉంచండి, ‘ద్విగుణ చెల్లింపుల పరిష్కార విధానం’ అని మార్చొద్దు. రేపు వెతికేవాళ్లు కూడా ఆ మాటలే టైప్ చేస్తారు.

కొత్తగా చేరినవాళ్లు ఉంటే మీ అదృష్టం. మొదటి నెలలో వాళ్లు అడిగే ప్రశ్నలు బంగారం. రెండో నెలకి వాళ్లకీ అలవాటైపోతుంది, అడగడం మానేస్తారు.

రెండు వారాలయ్యాక ‘చెప్పింది ఎవరు’ అన్న గడిని పైనుంచి కిందిదాకా చదవండి. ఒకే పేరు పదిసార్లు కనిపిస్తే మీ సంస్థకి ఎక్కడ ప్రమాదం పొంచి ఉందో తెలిసిపోతుంది. రెండుసార్లు, అంతకన్నా ఎక్కువసార్లు వచ్చిన ప్రశ్నలే మీ మొదటి పేజీలు. అవి సాధారణంగా పదిహేను, ఇరవైకి మించవు. మొదలుపెట్టడానికి అంతే చాలు.

రెండో మెట్టు: ఏది ఎవరికి కనిపించాలో తేల్చుకోండి

రాయడం మొదలుపెట్టాక ఇది తేల్చుకుందాం అనుకుంటే చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టే. మూడు గదులు అనుకోండి. ఒకటి కొద్దిమందికే: జీతాలు, కాంట్రాక్టులు, కస్టమర్ల వివరాలు. రెండోది సంస్థలో అందరికీ. మూడోది లోకానికంతటికీ. పాస్‌వర్డులు మాత్రం ఈ మూడింటిలో ఎక్కడా ఉండకూడదు, వాటికి వేరే పెట్టె ఉంటుంది.

నా అభిప్రాయంలో రెండో గది చాలా పెద్దదిగా ఉండాలి. అలవాటుకొద్దీ ప్రతిదానికీ తాళం వేసే సంస్థల్లో పక్క టీమ్ చేసిన పనే మళ్లీ మొదటినుంచి చేస్తుంటారు. ‘దీన్ని ఎందుకు దాచాలి?’ అని అడగాలి తప్ప ‘దీన్ని ఎందుకు చూపించాలి?’ అని కాదు.

మూడో గదిలో మాత్రం జాగ్రత్త. పేర్లు తీసేస్తే మనుషుల్ని గుర్తుపట్టలేరన్న ధీమా పనికిరాదు. 2006లో నెట్‌ఫ్లిక్స్ సినిమా సిఫార్సులు మెరుగుపరిచినవాళ్లకి 10 లక్షల డాలర్ల బహుమతి ప్రకటించి, పేర్లు లేకుండా సుమారు 10 కోట్ల రేటింగులు బయటపెట్టింది. టెక్సస్ విశ్వవిద్యాలయం పరిశోధకులు ఇద్దరు ఆ రేటింగుల్ని బహిరంగంగా ఉన్న ఇంకో సినిమా సైట్ రేటింగులతో పోల్చి, కొందరు వినియోగదారులు ఎవరో గుర్తుపట్టవచ్చని చూపించారు. మొదటి పోటీ 2009లో విజేతలకి బహుమతితో ముగిసింది. రెండో పోటీని గోప్యత గొడవల వల్ల 2010లో విరమించుకున్నారు. కస్టమర్ల సమాచారం బయటపెట్టే ముందు ఈ కథ ఒకసారి గుర్తు చేసుకోవాలి.

మూడో మెట్టు: ఒకే ఒక్క చోటు

టూల్ గురించి ఎక్కువ చెప్పను. జనం దీనిమీదే నెలలు గడిపేస్తారు, ఫలితం చూస్తే అంతంతమాత్రం. వికీ అయినా, షేర్ చేసుకునే డాక్యుమెంట్లయినా, ప్రశ్న–జవాబుల పద్ధతి అయినా పరవాలేదు. చూడాల్సినవి మూడే: వెతికితే దొరకాలి, దిద్దడం తేలికగా ఉండాలి, పాత ప్రతి వెనక్కి తెచ్చుకునే వీలుండాలి.

దిద్దడం తేలికగా ఉండడం ఎంత ముఖ్యమో వికీల చరిత్రే చెబుతుంది. ప్రోగ్రామర్ వార్డ్ కన్నింగ్‌హామ్ 1995 మార్చిలో ఎవరైనా అక్కడికక్కడే మార్చగలిగే సైట్ ఒకటి పెట్టారు. హోనలూలు ఎయిర్‌పోర్ట్‌లో తిరిగే ‘వికీ వికీ’ షటిల్ బస్సు పేరు గుర్తొచ్చి దానికి ఆ పేరే పెట్టారు. హవాయి భాషలో ఆ మాటకి ‘గబగబా’ అని అర్థం. ఆ తర్వాత జిమ్మీ వేల్స్, లారీ సాంగర్ 2000లో నూపీడియా అనే విజ్ఞాన సర్వస్వం మొదలుపెట్టారు. నిపుణులు రాయాలి, ఏడు దశల పరిశీలన దాటాలి. వ్యాసాలు పట్టుమని పాతిక దాటకుండానే 2003లో అది మూతపడింది. దానికి ఊతంగా ఉంటుందని 2001 జనవరి 15న పెట్టిన వికీపీడియా సంగతి అందరికీ తెలిసిందే. మీ సంస్థలో ఒక పేజీ మార్చడానికి ముగ్గురి అనుమతి కావాలంటే మీరు నూపీడియా కడుతున్నారన్నమాట.

చాట్ గ్రూపు మాత్రం ఆ చోటు కాలేదు. అక్కడ జవాబు పుడుతుంది, సాయంత్రానికి కిందికి కొట్టుకుపోతుంది. చాట్‌లో జవాబు దొరికిన వెంటనే ఎవరో ఒకరు దాన్ని పేజీగా మార్చి, ఆ లింకుని మళ్లీ చాట్‌లో పెట్టాలి. మర్నాటి నుంచి ఆ ప్రశ్నకి లింకే జవాబు. లింకు ఇవ్వడం మర్యాద తక్కువ అనుకునేవాళ్లు ఉంటారు. “ఇందులో ఉంది, అర్థం కాకపోతే చెప్పండి, పేజీ దిద్దుతాను” అని ఒక్క మాట కలిపితే ఎవరూ నొచ్చుకోరు.

నాలుగో మెట్టు: పేజీ రాయడం

ఇక్కడ కాస్త ఆగుదాం. మిగతావన్నీ సరిగ్గా చేసినా పేజీ బాగోకపోతే జనం మళ్లీ ఫోన్ ఎత్తుతారు.

పైన చెప్పిన డబుల్ పేమెంట్ సంగతే తీసుకుందాం. మా దగ్గర దీనిమీద అప్పటికే ఒక పేజీ ఉండేది! అందులో ఉన్నది ఇంతే: “రెండుసార్లు చెల్లింపు జరిగిన సందర్భంలో సంబంధిత విభాగంతో సమన్వయం చేసుకుని తగు చర్యలు తీసుకోవలెను.” ఇందులో అబద్ధం లేదు, పనికొచ్చే మాటా లేదు.

సీనియర్‌తో కూర్చుని తిరగరాశాక అది ఇలా తయారైంది:

“కస్టమర్ ఒకే బిల్లుకి రెండుసార్లు డబ్బు కడితే ఏం చేయాలి? ముందు రెండు చెల్లింపుల ట్రాన్సాక్షన్ నంబర్లు చూడండి. రెండూ ఒకటే అయితే డబ్బు ఒక్కసారే వచ్చింది, స్క్రీన్ మీద రెండుసార్లు కనిపిస్తోంది, అంతే. ఆ సంగతి కస్టమర్‌కి చెప్పండి, రీఫండ్ పెట్టొద్దు. నంబర్లు వేరైతే రెండోదాని స్టేటస్ ‘సెటిల్డ్’ అయ్యేదాకా ఆగండి. ‘పెండింగ్’లో ఉండగా రీఫండ్ పెడితే సిస్టమ్ తీసుకుంటుంది కానీ డబ్బు మధ్యలో ఇరుక్కుంటుంది. సెటిల్ అయ్యాక రెండో చెల్లింపు మీదే రీఫండ్ పెట్టండి. మొదటిదాని మీద పెడితే బిల్లు మళ్లీ బాకీ చూపిస్తుంది. రెండు రోజులైనా పెండింగ్‌లోనే ఉంటే అకౌంట్స్‌కి టికెట్ వేయండి.”

శీర్షిక ప్రశ్న రూపంలో ఉంది. మొదటి వాక్యమే పని చెబుతోంది. ‘ఇలా అయితే, అలా అయితే’ అని దారులు విడిపోయాయి. అన్నిటికన్నా విలువైనది ‘పెండింగ్‌లో ఉండగా పెట్టొద్దు’ అన్న ముక్క. సాఫ్ట్‌వేర్ కంపెనీ ఇచ్చిన మాన్యువల్‌లో అది ఎక్కడా లేదు. ఆవిడ ఒకసారి అలా పెట్టి, పదిరోజులు కస్టమర్ చేత మాటలు పడ్డాక తెలుసుకున్నది.

ఇలాంటి ముక్కలు “మీకు తెలిసింది రాయండి” అంటే రావు. తెలిసినవాళ్లకి అది తమకు తెలుసన్న సంగతే గుర్తుండదు. మైకేల్ పొలాన్యీ అనే శాస్త్రవేత్త ఇలాంటి మాటలకందని తెలివికి ‘టాసిట్ నాలెడ్జ్’ అని పేరు పెట్టారు. సైకిల్ తొక్కడం వచ్చినవాళ్లని ‘ఎలా తొక్కుతారు?’ అని అడిగి చూడండి, తడుముకుంటారు. అందుకే పక్కన కూర్చుని, వాళ్లు పని చేస్తుండగా అడగాలి. నాకు బాగా పనికొచ్చిన ప్రశ్నలు ఇవి: “ముందు మీ కన్ను ఎక్కడికి పోయింది?” “అది అలా లేకపోతే ఏం చేసేవారు?” “మొదట్లో మీరు ఇందులో ఏం తప్పు చేశారు?” మూడోదానికి వచ్చే జవాబులు అచ్చంగా పేజీలోకి వెళ్తాయి.

ఇంకో మాట. పని ఎలా చేయాలో చెప్పే పేజీలోనే ఆ పద్ధతి ఎందుకొచ్చింది, ఎవరు నిర్ణయించారు అన్న పురాణమంతా కలపకండి. కస్టమర్ లైన్‌లో ఉండగా చదివే మనిషికి చరిత్ర అక్కర్లేదు. అలాగని ‘ఎందుకు’ని పారేయొద్దు. వేరే పేజీలో పెట్టి లింకు ఇవ్వండి. కారణం రాసి ఉండకపోతే, రెండేళ్లకి ఎవరో తెలివైనవాళ్లు వచ్చి ఆ నియమాన్ని తీసేస్తారు, పాత దెబ్బ మళ్లీ తగులుతుంది.

రాసిన పేజీని పరీక్షించడం చాలా తేలిక. ఆ పని ఎప్పుడూ చేయని ఒకరికి పేజీ ఇచ్చి, మీరు నోరు మూసుకుని వెనక నిలబడండి. ఎక్కడ ఆగారో అక్కడ ఒక వాక్యం తక్కువైంది.

ఐదో మెట్టు: మనుషుల చేత రాయించడం

ఆన్‌లైన్‌లో ఉమ్మడిగా సాగే పనుల్లో నూటికి 90 మంది చదివి ఊరుకుంటారు, 9 మంది అప్పుడప్పుడు చెయ్యి వేస్తారు, ఒకరే బరువు మోస్తారు అని 2006లో యూజబిలిటీ (సైట్లు వాడటం ఎంత తేలిక అన్నది) నిపుణుడు జేకబ్ నీల్సన్ ఒక మోటు లెక్క చెప్పారు. ఆఫీసులో పరిస్థితి కాస్త మెరుగు, కానీ దానికి మరీ దూరం కాదు. కాబట్టి అందరూ రాయాలని ఆశపడి నిరాశపడకండి. రాసే ఆ ఒకరిద్దరిని వెతికి పట్టుకుని, వాళ్లకి ఆ పనికి వేళ ఇవ్వండి. మిగతావాళ్ల నుంచి ప్రశ్న, తప్పు దిద్దడం, ‘ఇది నాకు పనిచేసింది’ అన్న మాట వస్తే చాలు.

ఏం ఆశ చూపిస్తే రాస్తారు? జిరాక్స్ అనుభవం ఇక్కడ చెప్పుకోవాలి. 1980లలో ఆ సంస్థ ఫొటోకాపీ యంత్రాలు బాగుచేసే టెక్నీషియన్ల వెంట జూలియన్ ఓర్ అనే మానవశాస్త్రవేత్త తిరిగారు. మాన్యువల్ చెప్పినట్టు యంత్రాలు పాడవవని, టెక్నీషియన్లు తీరిక దొరికినప్పుడు ఒకరికొకరు చెప్పుకునే కథల్లోనే అసలు రిపేరు విద్య ఉందని ఆయన గమనించారు. తర్వాత ఆ కథల్ని పట్టుకోవడానికి యురేకా అనే వ్యవస్థ వచ్చింది. టెక్నీషియన్లు చిట్కాలు రాస్తారు, తోటి టెక్నీషియన్లే పరీక్షించి సరే అంటారు, చిట్కా కింద రాసినవాళ్ల పేరు ఉంటుంది. డబ్బు బహుమతి కన్నా ఆ పేరే వాళ్లకి ముద్దయింది.

పేజీకి ఇంత అని డబ్బు పెట్టడం నాకు నచ్చదు. డబ్బు పెడితే పేజీలు వస్తాయి, పసలేనివి వస్తాయి. దానికన్నా, ఫలానా వారి పేజీ వల్ల ఫలానా సమస్య తీరిందని నలుగురిలో చెప్పండి. పనితీరు మదింపులో ఒక వరస దానికి కేటాయించండి. అన్ని కిటుకులూ చెప్పేస్తే తమ అవసరం తీరిపోతుందేమో అని సీనియర్లకి లోపల భయం ఉంటుంది. అది పిచ్చి భయమేమీ కాదు. రాసినవాళ్లకి ఇంకా పెద్ద పని అప్పగించి చూపిస్తేనే అది పోతుంది, ఉపన్యాసాలతో పోదు.

తప్పుల గురించి రాయించడం ఇంకా కష్టం. ఇందాకటి విమానాల వ్యవస్థ సంగతి చూడండి. దాన్ని నడిపేది నాసా. లైసెన్సులు రద్దు చేసే అధికారం ఉన్న ఎఫ్ఏఏ (అమెరికా విమానయాన నియంత్రణ సంస్థ) చేతిలో పెట్టలేదు. శిక్షించే చేతికి ఎవరూ ఉత్తరం రాయరు కదా. వ్యాపారంలోనూ ఇదే సూత్రం. 2017 జనవరి 31న గిట్‌ల్యాబ్ అనే సాఫ్ట్‌వేర్ సంస్థలో ఒక ఇంజనీర్ పొరపాటున అసలు డేటాబేస్‌నే తుడిచేశారు. బ్యాకప్ పద్ధతులు అనుకున్నట్టు పనిచేయక సుమారు ఆరు గంటల డేటా పోయింది. సంస్థ దాన్ని దాచకుండా, బాగుచేస్తున్న పనిని యూట్యూబ్‌లో లైవ్ ఇచ్చింది, తర్వాత ఎక్కడెక్కడ ఏ లోపం ఉందో వివరంగా ప్రచురించింది. చాలా సంస్థలు ఆ రోజు తమ బ్యాకప్‌లు పనిచేస్తున్నాయో లేదో చూసుకుని ఉంటాయని నా నమ్మకం. మీ సంస్థలో ఈ అలవాటు రావాలంటే మొదటి పేజీ పైవాళ్లు రాయాలి: ‘నేను చేసిన తప్పు, దానివల్ల జరిగింది, ఇప్పుడు మార్చింది.’ మేనేజర్ రాయకుండా కిందివాళ్లని రాయమంటే కాగితం తెల్లగానే ఉంటుంది.

పనిలో పనిగా ఒక చిన్న కిటుకు. 1906లో ఇంగ్లండ్‌లోని ప్లిమత్ పశు ప్రదర్శనలో ఒక ఎద్దు మాంసం ఎంత తూగుతుందో చెప్పే పోటీ జరిగింది. ఫ్రాన్సిస్ గాల్టన్ అనే శాస్త్రవేత్త ఆ 787 చీటీలూ తీసుకుని చిన్న అంకె నుంచి పెద్ద అంకెకి పేరిస్తే, సరిగ్గా మధ్యలో ఉన్న అంచనా 1,207 పౌండ్లు వచ్చింది. అసలు బరువు 1,198. ఎవరి చీటీ వాళ్లు విడిగా రాశారు కాబట్టి అలా కుదిరింది. అందరికన్నా మొదట బాసు మాట్లాడితే మిగతావాళ్లు ఆయన అంకె చుట్టూనే తిరుగుతారు. అందుకని ‘ఈ పని ఎన్నాళ్లు పడుతుంది?’ లాంటివి అడిగేటప్పుడు మీటింగ్‌కి ముందే ఎవరికి వారు ఆన్‌లైన్‌లో రాయాలి, అందరూ రాశాకే మిగతావాళ్లవి కనిపించాలి.

ఆరో మెట్టు: ప్రతి పేజీకీ ఒక దిక్కు

పదిమంది చేరితే పాము చావదంటారు. ‘అందరిదీ’ అన్న పేజీ ఏడాదికల్లా అబద్ధాల పుట్ట అవుతుంది. ప్రతి పేజీ పైన రెండు ముక్కలు ఉండాలి: దీన్ని చూసుకునే మనిషి పేరు, చివరిసారి సరిచూసిన తేదీ. ఆ మనిషి వేరే పనికి మారితే అప్పగింతల జాబితాలో పేజీలు కూడా ఉండాలి.

తరచూ మారే విషయాలు మూడు నెలలకోసారి, మిగతావి ఏడాదికోసారి చూడండి. చూసుకునే దిక్కు లేని పేజీ, ఎవరూ తెరవని పేజీ కనిపిస్తే మొహమాటపడకుండా పాత పేజీల గదిలోకి నెట్టేయండి. తప్పుడు పేజీ అసలు లేని పేజీ కన్నా ప్రమాదం. ఒకసారి దాన్ని నమ్మి దెబ్బతిన్నవాళ్లు మిగతా మంచి పేజీలని కూడా నమ్మరు.

ఏడో మెట్టు: గోడ దాటడం

లోపల ఆరు నెలలు సాఫీగా నడిచాక బయటికి చూడండి. మొదట కస్టమర్లు తరచూ అడిగేవాటికి జవాబులు అందరికీ తెరవండి. సపోర్ట్ టీమ్ మీద బరువు తగ్గుతుంది, కొనాలా వద్దా అని చూస్తున్నవాళ్లకి మీ పని తెలుస్తుంది.

తర్వాతది కస్టమర్లు ఒకరికొకరు చెప్పుకునే చోటు. ఇక్కడ మీ ఉద్యోగి ఒకరు రోజూ ఉండాల్సిందే, అయితే మొదటి గంటలోనే ఎగబడి జవాబు ఇవ్వకూడదు. ఇంకో కస్టమర్‌కి చెప్పే అవకాశం ఇచ్చి, తప్పుంటే దిద్దాలి, ఎవరూ పలకకపోతే తానే చెప్పాలి. అభిమానుల ఊహలే సరుకుగా మారిన సందర్భాలూ ఉన్నాయి. బొమ్మల సంస్థ లెగో నడిపే ‘లెగో ఐడియాస్’ సైట్‌లో ఎవరైనా తమ నమూనా పెట్టొచ్చు. 10,000 మంది మద్దతు వస్తే సంస్థ పరిశీలిస్తుంది, తయారుచేస్తే అమ్మకాల్లో ఒక శాతం రూపకర్తకి ఇస్తుంది.

అన్నిటికన్నా తెగువ గల ఉదాహరణ గోల్డ్‌కార్ప్ అనే కెనడా గనుల సంస్థది. బంగారం ఎక్కడుందో చెప్పే భూగర్భ సమాచారాన్ని గనుల వ్యాపారంలో ప్రాణంలా దాస్తారు. రెడ్ లేక్ గనిలో సొంత భూగర్భ శాస్త్రవేత్తలకి దారి తోచక, అధిపతి రాబ్ మెక్యూవెన్ 2000 మార్చిలో ఆ సమాచారమంతా ఇంటర్నెట్‌లో పెట్టి 5,75,000 డాలర్ల బహుమతులు ప్రకటించారు. ఆస్ట్రేలియా బృందాలు గని మొహం చూడకుండానే కంప్యూటర్ నమూనాలు గీసి మొదటి బహుమతి కొట్టాయి. పాల్గొన్నవాళ్లందరూ చూపించిన చోట్లలో చాలావాటిలో బంగారం పడింది. ఇక్కడ ఒకటి గమనించాలి: గని హక్కు సంస్థ చేతిలోనే ఉంది. సమాచారం చూసినవాళ్లెవరూ వెళ్లి తవ్వుకోలేరు. మీరు ఏదైనా తెరిచే ముందు వేసుకోవాల్సిన ప్రశ్న అదే. పోటీదారుకి ఇది తెలిస్తే వాళ్లు ఏం చేయగలరు? ఏమీ చేయలేకపోతే తెరవండి.

ఉమ్మడి సొత్తులోంచి తీసుకునే సంస్థలు తిరిగి ఇవ్వడం దానం కాదు, లెక్కే. 2004లో స్టీవ్ కోస్ట్ మొదలుపెట్టిన, ఎవరైనా దిద్దగలిగే ఉమ్మడి మ్యాప్ ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్‌ని వాడుకునే పెద్ద కంపెనీలు తమ ఉద్యోగుల చేత అందులో రోడ్లు దిద్దిస్తున్నాయి. ఆ రోడ్ల మీదే కదా వాళ్ల బళ్లు తిరిగేది. మీరు బయట పెట్టేదానికి లైసెన్స్ ఏంటో ముందే రాయండి. క్రియేటివ్ కామన్స్ లైసెన్సులు 2002 నుంచి ఉన్నాయి, పేరు చెప్పి వాడుకోవచ్చా, మార్చుకోవచ్చా, అమ్ముకోవచ్చా అన్నది వాటిలో ఒకదాన్ని ఎంచుకుంటే తేలిపోతుంది.

ఏఐ వచ్చింది కదా, ఇంకా రాయాలా?

ఈ మధ్య తరచూ అడుగుతున్నారు. రాయాలి, ఇదివరకటి కన్నా శ్రద్ధగా. మీ పేజీలన్నీ చదివి జవాబు చెప్పే ఏఐ సహాయకుడికి, మూడేళ్ల నాటి రీఫండ్ పేజీకీ నిన్న దిద్దినదానికీ తేడా తెలియాలంటే పాతది తీసేసి ఉండాలి, లేదా తేదీ అయినా ఉండాలి. లేకపోతే పాత తప్పునే చక్కటి భాషలో ధీమాగా చెబుతుంది. ప్రోగ్రామర్లు ప్రశ్నలడిగే స్టాక్ ఓవర్‌ఫ్లో 2022 డిసెంబర్‌లో చాట్‌జీపీటీతో రాసిన జవాబులని నిషేధించింది. అవి చూడటానికి సరైనవాటిలా ఉంటూ తప్పులతో వెల్లువెత్తడమే కారణం. మీ దగ్గరా ఏఐ చేత చిత్తుప్రతి రాయించుకోవచ్చు, కానీ ఆ పని చేసే మనిషి ఒకరు చదివి తన పేరు పెట్టందే పేజీ బయటికి వెళ్లకూడదు. సంస్థ రహస్యాలని బయటి ఏఐలో అతికించొద్దని ముందే అందరికీ చెప్పి ఉంచండి.

ఎనిమిదో మెట్టు: పనిచేస్తోందో లేదో చూసుకోవడం

‘ఈ నెల ఎన్ని పేజీలు రాశాం’ అన్న లెక్క తీసి పక్కన పెట్టండి. అది పెంచడం ఎవరికైనా చేతనవుతుంది. మొదట్లో రెండు వారాలు చేసిన ప్రశ్నల షీట్ గుర్తుందా? ఆరు నెలలకి మళ్లీ రెండు వారాలు అదే చేయండి. పాత ప్రశ్నలు ఎన్ని ఆగిపోయాయి? ‘చెప్పింది ఎవరు’ గడిలో ఆ ఒక్క పేరే ఇంకా కనిపిస్తోందా? కొత్తవాళ్లు ఎవరి సాయం లేకుండా మొదటి పని పూర్తిచేయడానికి ఎన్ని రోజులు పడుతోంది? ఇవి చూస్తే చాలు.

వీటితోపాటు మీ టూల్‌లో ‘వెతికినా ఏమీ దొరకని మాటలు’ అనే జాబితా ఉంటుంది, లేకపోతే ఐటీ వాళ్లని అడిగి తెప్పించుకోండి. మా జాబితాలో ఒకసారి ‘డబ్బులు వాపసు’ అన్న మాట పదకొండుసార్లు కనిపించింది. పేజీ ఉంది, అందులో ఎక్కడ చూసినా ‘రీఫండ్’ అనే ఉంది. శీర్షిక కింద ఆ రెండు మాటలు కలిపాం. మరుసటి వారం జాబితాలోంచి అది పోయింది, ఇంకో ఆరు మాటలు వచ్చి చేరాయి. ప్రతి శుక్రవారం ఆ జాబితాలో పైనున్న ఒక్కటి తీసుకుని దానికి పేజీ రాయండి, లేదా ఉన్న పేజీనే దిద్దండి.